మూడో చప్పుడు

బొగ్గు గనుల కంపెనీ వర్క్‌షాపులో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ ఎప్పుడొస్తుంది, క్వార్టర్ కోసం ఎవరిని పట్టుకోవాలి, ఏ కాగితం ఏ టేబుల్ మీద ఆగుతుంది లాంటివి నన్ను అడిగి లాభం లేదు. ముప్పైనాలుగేళ్లు నౌకరీ చేసినా అవి నా తలకెక్కలేదు. నాకు తెలిసిందల్లా గేరుబాక్సు, దాంట్లో తిరిగే నూనె. రిటైరై ఆరేళ్లయింది. ఆ నూనెను తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యం తీరదు. ఈ ఓదెలు ముసలాయన గొప్పలు చెప్పుకుంటున్నాడని మీకు అనిపించవచ్చు. అనుకోండి, కానీ చివరిదాకా చదవండి.

ఇల్లంత డంపర్

నేను చేరిన రోజు మా హెడ్ ఫిట్టర్ ఖాజా భాయ్ నన్ను ఓపెన్‌కాస్టు గని అంచుకు తీసుకెళ్లాడు. కింద నుంచి ఒక డంపర్ నిండా మట్టితో ఏటవాలు దారి ఎక్కుతోంది. మేమున్న ఇంటిని తీసి దాని తొట్టిలో పెడితే ఇంకా జాగా మిగిలేది. అంత బరువుతో అది ఎక్కడా ఆగకుండా, ఎగిరిపడకుండా, గేరు మారిన జాడ కూడా తెలియనివ్వకుండా పైకి వచ్చేసింది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"ఏం జూస్తున్నవ్ రా?" అన్నాడు ఖాజా భాయ్. ఇంట్లో ఉర్దూ, వర్క్‌షాపులో మా తెలుగు ఆయనది.

"ఇంజన్ తాకత్ జూస్తున్న భాయ్."

"ఇంజన్ల తాకత్ ఉంటది, కాదంటలేను. గాని దాన్ని చక్రం దాక మోసుకపోయేది ఎవరు? ఇంజన్‌కు గేర్లకు నడుమ ఇనుము ఇనుమును పట్టుకోదు బేటా. నడుమ ఉన్నది ఒట్టి నూనెనే."

కొత్తవాణ్ణని ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. నూనె తలకు రాసుకుంటాం, పూరీలు వేయించుకుంటాం. అది బరువు మోయడమేమిటి?

కానీ ఆయన చెప్పింది నిజమే. క్లచ్ పెడల్ లేని బండి ఏదైనా, డంపరైనా కారైనా, ఇంజను తిప్పేది కన్వర్టర్ అనే ఇనుప డొల్లను. గుమ్మడికాయలా గుండ్రంగా, నిండా నూనెతో ఉంటుంది. ఇంజను వైపు రెక్కలు ఆ నూనెను విసురుతాయి. నూనె వెళ్లి ఎదుటి రెక్కలను తోస్తుంది. బండి కదులుతుంది. ఆ డొల్లకు ఒక మెడ, మెడ చివర రెండు చెవులు ఉంటాయి. ఆ చెవులు ఫ్రంట్ పంపు అనే చిన్న పంపులోని పళ్ల చక్రాన్ని పట్టి తిప్పుతాయి. ఆ పంపు పుట్టించే ఒత్తిడితోనే గేర్లు పడతాయి, వదులుతాయి. డంపర్‌లో ఆ పంపు అన్నం పళ్లెమంత ఉంటుంది. కారులోదైతే దాని చక్రాలు అరచేతిలో పడతాయి. అది తిరగడం మానేస్తే ఇల్లంత బండి ఉన్నచోటే పడి ఉంటుంది.

ఇది అర్థమైన రోజు క్యాంటీన్‌లో పూరీ తింటూ, దాని నుంచి కారుతున్న నూనెకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

గుడ్డ ముడి

మా వర్క్‌షాపులో ఒక ఆచారం ఉండేది. ఏ పుస్తకంలోనూ లేదు, ఏ ట్రైనింగులోనూ చెప్పరు. పని సగంలో ఉండగా షిఫ్టు అయిపోతే, ఎక్కడ ఆపామో అక్కడ ఒక గుడ్డ పీలిక ముడివేసి వెళ్లాలి. రిజిస్టరులో రాసేది ఎట్లాగూ రాస్తారు. కానీ నూనె చేతులతో ఎవరు పేజీలు తిప్పుతారు? గుడ్డ కనబడితే చాలు, ఇక్కడ పని ఇంకా కాలేదని తర్వాతి షిఫ్టువాళ్లకు తెలిసిపోయేది. దానికి ఒకటే షరతు. కట్టినవాడే విప్పాలి, లేదంటే కట్టినవాణ్ణి అడిగి విప్పాలి.

"గుడ్డ గాదు రా అది, నా నాలిక," అనేవాడు ఖాజా భాయ్. "నేను లేనప్పుడు నా తరపున మాట్లాడ్తది."

నేను చేరిన రెండో ఏడు ఒకరోజు సెకండ్ షిఫ్టుకు వచ్చాను. ఒక డంపర్ గేరుబాక్సు క్రేనుకు వేలాడుతోంది, ఇంజనుకు రెండు వేళ్ల దూరంలో. రాగానే పక్క బండిలో చెయ్యి పెట్టి మోచేతుల దాకా నూనె చేసుకున్నాను. తుడుచుకుందామని చూస్తే ఎదురుగా గేరుబాక్సు బోల్టుకు ఒక గుడ్డ కనిపించింది. లాగాను, రాలేదు. గట్టిగా లాగితే వచ్చింది. చేతులు శుభ్రంగా తుడుచుకుని దాన్ని చెత్తడబ్బాలో పడేశాను. నేను చూసింది గుడ్డనే, ముడి నా కంటికి ఆనలేదు.

ఆ రెండు వేళ్ల సందు ఎందుకుందో కూడా ఆలోచించలేదు. కన్వర్టర్ లోపలికి పూర్తిగా కూర్చోవాలంటే దాన్ని మెల్లగా తిప్పుతూ నెట్టాలి. లోపల అది మూడు చోట్ల పట్టుకోవాలి. పట్టిన ప్రతిసారీ టక్‌మని ఒక చప్పుడు వస్తుంది. మూడో చప్పుడు పంపుది, చెవులు చక్రంలో కూర్చున్నప్పుడు వచ్చేది. ఆ పొద్దు ఖాజా భాయ్‌కి రెండు చప్పుళ్లు వినబడ్డాయి. మూడోది రాకముందే సైరన్ కూసింది. ఆయన గుడ్డ కట్టి వెళ్లాడు. అడగాలంటే గేటు దగ్గర యాభై అడుగుల దూరంలోనే ఉన్నాడు, బీడీ కాలుస్తూ. నేను అడగలేదు. బోల్టులు పెట్టి, పెద్ద పానా తీసుకుని బిగించాను. ఇనుము మూలుగుతున్నా బిగించాను. సందు మూసుకుపోయింది. ఇద్దరు చేసే పని ఒక్కణ్ణే చేశానని మురిసిపోయాను కూడా.

ఇంజను స్టార్ట్ చేస్తే లోపల నుంచి ఒక అరుపు వచ్చింది, మనిషి అరిచినట్టే. తర్వాత గేరు వేస్తే డంపర్ ఇంచు కూడా కదలలేదు.

బియ్యం గింజంత ముక్క

మర్నాడు ఖాజా భాయ్ వచ్చి చెత్తడబ్బాలో తన గుడ్డ చూశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అట్లాగని నన్ను వెనకేసుకు రాలేదు కూడా. ఇంజనీరు సారు వచ్చి ఎవరు చేశారని అడిగితే నన్నే చూపించాడు.

"ఈ పిలగాడే సార్. నా ముడి విప్పిండు. ఛార్జిషీటు ఇయ్యుండ్రి. గాని ఒక్క వారం ఆగుండ్రి, ముందుగాల నాకు వీనితోని పనున్నది."

గేరుబాక్సు దింపి విప్పితే పంపు చక్రం లోపలి అంచు విరిగి ముక్కలైంది. ఖాజా భాయ్ నేల మీద ఒక తెల్ల కాగితం పరిచి, ఆ చక్రాన్ని దాని మీద పెట్టాడు.

"విరిగిన ముక్కలన్ని ఏరుకొచ్చి దీనికి అతికియ్యి. చక్రం మల్ల నిండాలె. ఒక్క గింజంత ముక్క తక్కువున్నా నేను దీన్ని బిగియ్యనియ్య."

పెద్ద ముక్కలు మొదటి రోజే దొరికాయి, అడుగు తొట్టిలో కొన్ని, నూనె వడకట్టే జల్లెడలో కొన్ని. చక్రం దాదాపు నిండింది. ఒకచోట మాత్రం బియ్యం గింజంత ఖాళీ మిగిలిపోయింది. ఆ గింజ కోసం నాలుగు రోజులు వెతికాను. నూనె ఎటు పోతుందో నేనూ అటే పోవలసి వచ్చింది.

పంపు నుంచి నూనె ఒక మందపాటి పలకలోకి వెళ్తుంది. ఆ పలక నిండా సన్నని కాలువలు, మలుపులు, చిన్న చిన్న గదులు. ఒకచోట నూనె ఒక స్ప్రింగును నెడుతుంది. ఆ స్ప్రింగు ఒక దారి మూసి ఇంకో దారి తెరుస్తుంది. బండి వేగం పెరిగితే ఒక దారి, బరువు పెరిగితే ఇంకో దారి. ఆ కాలపు బండ్లలో దానికి తీగ లేదు, కరెంటు లేదు. నూనె తనంతట తానే తూచుకుని, ఇప్పుడు రెండో గేరు, ఇప్పుడు మూడో గేరు అని తేల్చుకుంటోంది. ఎవరికి వచ్చిందో ఈ ఆలోచన! ఏ దేశంలో, ఏ బల్ల ముందు కూర్చుని గీశారో! ఆ పలకను ఒళ్లో పెట్టుకుని, కాలువల వెంట వేలు పోనిస్తూ నేను వెతుకులాట సంగతే మరిచిపోయాను. కళ్ల నీళ్లు తిరిగాయి. సిగ్గుపడకుండా చెబుతున్నాను.

నాలుగో రోజు ముక్క దొరికింది, గేరుబాక్సు లోపల గేరును పట్టి ఉంచే చివరి క్లచ్‌కు పోయే సన్నని కాలువ మలుపులో. అది అక్కడే ఉండిపోయి, బండి బరువుతో గని దారి ఎక్కుతుండగా నూనెకు అడ్డుపడి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. కాగితం మీద చక్రం నిండింది. ఖాజా భాయ్ భూతద్దం పెట్టి చుట్టూ చూశాడు.

"ఇప్పుడు నీకు గేరుబాక్స్ సమజైంది," అన్నాడు.

వారం తిరిగేసరికి ఛార్జిషీటు కూడా వచ్చింది. రెండూ నాకు రావలసినవే.

మీరిప్పుడు లాప్‌టాప్ తగిలించి లోపం ఎక్కడుందో తెర మీద చదువుతున్నారు. మంచిదే, నాకు అసూయగా కూడా ఉంది. కానీ నౌకరీలో ఒక్కసారైనా పలక విప్పి, నూనె నడిచే దారి వెంట మీ వేలు నడిపించండి.

మూడు పంపులు మార్చిన సారు

ఆ తర్వాత మాకు ఇంకో ఇంజనీరు సారు వచ్చాడు. బాగా చదువుకున్నవాడు, మనసు మంచిది, ఓపిక మాత్రం బొత్తిగా లేదు. ఒక డంపర్‌లో ఒత్తిడి పడిపోతోందంటే పంపు మార్చమన్నాడు. మార్చాం, మళ్లీ అదే తంతు. ఇంకో పంపు వేశాం, మళ్లీ అదే. మూడోది కూడా అయ్యాక ఖాజా భాయ్ నూనె పీల్చే గొట్టం విప్పి, దాని మూతికుండే రబ్బరు ఉంగరం తీసి సారు అరచేతిలో పెట్టాడు. వెంట్రుకంత చీలిక ఉంది. పంపు నూనెతో పాటు గాలి కూడా తాగుతోంది. సారు మొహం కందగడ్డయింది. కానీ ఆయన ఆ ఉంగరాన్ని తన టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాడు, బదిలీ అయ్యేదాకా తీయలేదు. అప్పటి నుంచి నేనాయనను గౌరవించాను. పంపును తిట్టే ముందు దానికి తిండి సరిగా అందుతోందా లేదా చూడండి.

ఊకెనే పోవుడు

ఇక కిందటి వేసవి సంగతి.

రాజమల్లు మా వీధి చివర ఉంటాడు. మాకు చుట్టరికం లేదు, అయినా ఒకరినొకరం బావా అనుకుంటాం. గోలేటి వైపు బొగ్గు బాయిలో టింబర్‌మన్‌గా చేశాడు. భూమి లోపల కప్పు కూలకుండా కట్టె దిమ్మెలు పేర్చి, దుంగలు నిలబెట్టే పని అది. ఒకనాడు కప్పు పడి ఎడమ కాలు మోకాలి పైదాకా పోయింది. తర్వాత రెండేళ్లు గడప ముందు కుర్చీలో కూర్చున్నాడు. పొద్దున ఎటు చూస్తూ కనబడేవాడో సాయంత్రం కూడా అటే చూస్తూ కనబడేవాడు. క్లచ్ పెడల్ లేని కారైతే కుడి కాలితోనే నడపవచ్చని ఎవరో చెప్పారు. పాత ఆటోమేటిక్ కారు ఒకటి కొన్నాడు, నేర్చుకున్నాడు, లైసెన్సు తెచ్చుకున్నాడు. ఇక ఆ మనిషి ఇంట్లో నిలబడితే ఒట్టు.

ఆ కారు మొండికేసింది. గేరు వేస్తే ఏడు లెక్కపెట్టేదాకా కదలదు, తర్వాత ఒక్క గుంజు గుంజుతుంది. ఒకరోజు రామగుండం దగ్గర నడిరోడ్డు మీద అసలే కదలలేదు. వెనక లారీలు హారన్లు కొడుతుంటే నలుగురు దిగి పక్కకు నెట్టారు. పెద్ద షెడ్డుకు తీసుకెళితే గేరుబాక్సు మొత్తం మార్చాలి, ఈ మోడలుకు ఇప్పుడు దొరకదు అన్నారు. అల్లుడు శ్రీనివాస్ నడిరోడ్డు కబురు విని భయపడ్డాడు. శ్రీనివాస్ మంచివాడు, మామను తండ్రిలాగే చూసుకుంటాడు. అందుకే ఈసారి గట్టిగా చెప్పేశాడు.

"మామా, ఇగ సాలు. వచ్చే ఆదివారం తుక్కు ట్రాలీ పిలిపిస్తున్న, ఎత్తిస్త. నీకు ఏడికి పోవాలనిపించినా ఫోన్ జెయ్యి, నేనే తీస్కపోత."

రాజమల్లు చంక కర్రల మీద మా ఇంటికి వచ్చాడు. మంచినీళ్లు తాగి చెప్పాడు.

"ఫోన్ జేస్తే తీస్కపోతడట బావా. గాని ఏడికి పోవాలె అని అడుగుతడు గదా? నాకు ఊకెనే పోవాలనిపిస్తది. ఊకెనే పోవుడుకు ఎవర్ని పిలువాలె?"

నేను లేచి టార్చి వెతుక్కున్నాను.

"నన్ను మల్ల గా కుర్చీల కూసోవెట్టకు," అన్నాడు.

వెళ్లి బండి చూశాను. ఇంజను వేగం పెంచితే సన్నగా ఈల వేస్తోంది. ఇంజనూ గేరుబాక్సూ కలిసేచోట నూనె చుక్కలు. నూనె మట్టం చూశాను, జల్లెడ చూశాను, పీల్చే దారి చూశాను. సారు ఉంగరం నేను మరిచిపోలేదు. అన్నీ బాగానే ఉన్నాయి. గేజి తగిలిస్తే ఒత్తిడి ఉండవలసిన దాంట్లో సగం కూడా లేదు. పంపే పోయింది. మా ఇంటి ముందుకు నెట్టించమన్నాను. శ్రీనివాస్ కాదనలేదు, కానీ ట్రాలీ మాట వెనక్కి తీసుకోలేదు. ఆదివారం దాకా వారం రోజులు చేతిలో ఉన్నాయి.

దిమ్మెల మీద కారు

వర్క్‌షాపులో క్రేను ఉండేది, గుంత ఉండేది, కేకేస్తే నలుగురు వచ్చేవాళ్లు. ఇంటి దగ్గర నాకున్నది ఒక జాకీ, నా నడుము నొప్పి. కారును పైకి ఎత్తి ఎట్లా నిలబెట్టాలా అని నేను తల పట్టుకుని కూర్చుంటే రాజమల్లు ఆటోలో పాత కట్టె దిమ్మెలు వేయించుకుని వచ్చాడు.

నేలమీద కూర్చునే మొదలుపెట్టాడు. రెండు దిమ్మెలు అటు, వాటి మీద రెండు ఇటు, మళ్లీ అటు. బాయిలో కప్పు కింద ఎట్లా పేరుస్తారో అట్లాగే. కారు రెండు పక్కలా రెండు గూళ్లు లేచాయి. ఇంజను కిందికి జారకుండా పైన అడ్డంగా ఒక దుంగ, దానికి గొలుసు. గేరుబాక్సు కింద జాకీకి ఇంకో చిన్న గూడు. ఒక్క దిమ్మె కూడా ఊగలేదు. అన్నీ అయ్యాక సుత్తి పిడితో ఒక్కో దిమ్మెను తట్టి, చెవి దగ్గర పెట్టి విన్నాడు.

"బరువు పట్టింది. ఇగ నువ్వు కింద బేఫికర్ పండుకో బావా. కట్టె పడే ముందు మాట్లాడ్తది. నేను ఇంటుంట."

"నిజంగ మాట్లాడ్తదా?"

"కాలు పోయిన్నాడు గూడ మాట్లాడింది. ఇని, నలుగుర్ని బయటికి నూకిన. నేనే జర ఎనుకవడ్డ."

బస్సు తప్పిపోయిన సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఇన్నేళ్లు పైన గేరుబాక్సుల దగ్గర పనిచేసిన నాకు, కింద బాయిలో ఇట్లాంటి విద్య ఒకటుందని తెలియనే తెలియదు. కారు కింద పడుకుని ఆ దిమ్మెలను చూస్తుంటే నాకు మళ్లీ ఉద్యోగంలో చేరిన మొదటి రోజు గుర్తొచ్చింది.

"రిటైరైనవంటే ఇంట్ల ఉంటవనుకున్న," అంది మా ఆవిడ కనకలక్ష్మి, వాకిట్లో నూనె చూసి. "వర్క్‌షాపునే ఇంటికి పట్టుకొస్తివి."

మంగళవారానికి గేరుబాక్సు కిందికి దిగింది. కన్వర్టర్ లాగి, పంపు విప్పాను. లోపలి చక్రం పళ్లు గీసుకుపోయాయి. మెడ తిరిగేచోట ఉండే బుష్ అనే కట్టు అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. దాని ముందు నూనె కారకుండా ఆపే సీలు ఎండిన చెప్పు తోలులా ఉంది. బుష్, సీలు కొరియర్‌లో తెప్పించాను. చక్రాల జత కరీంనగర్ తుక్కు దుకాణంలో, ముందు భాగం నుజ్జయిన అదే మోడలు కారులోంచి దొరికింది. కడిగి, సందులు కొలిచి, నూనె పూసి కూర్చోబెట్టాను. ఇంత చిన్న చక్రమే గదా మనిషిని గడప దాటించేది అనిపించి, దాన్ని కాసేపు చేతిలో తిప్పుతూ కూర్చున్నాను.

గురువారం సాయంత్రం పంపు బిగించడం అయింది. రాజమల్లు అప్పటికే ఇంటికి వెళ్లాడు. కన్వర్టర్‌ను రెండు చేతులతో పట్టి తిప్పుతూ నెట్టాను. టక్. కాసేపటికి ఇంకో టక్. మూడోది రాలేదు. వెలుతురు తగ్గింది, నడుము ఇక నావల్ల కాదంది. అలవాటు కొద్దీ చేతిలో ఉన్న గుడ్డను బోల్టుకు ముడివేసి లేచాను. శుక్రవారం కమాన్‌పూర్‌లో చెల్లెలి ఇంట్లో శుభకార్యం. పొద్దుపోయాక తిరిగొచ్చాం.

దండెం మీద

శనివారం పొద్దున చూస్తే బోల్టుకు గుడ్డ లేదు. గుడ్డ లేదంటే పని అయినట్టే. ముప్పైనాలుగేళ్లు నా జ్ఞాపకం కంటే ఆ గుడ్డనే ఎక్కువ నమ్మాను. మూడో చప్పుడు వినే లేచి ఉంటాననుకున్నాను. కన్వర్టర్ ఎంత లోతుకు దిగిందో స్కేలు పెట్టి కొలవాలి, అది మొదటి నియమం. కొలవలేదు.

జాకీతో గేరుబాక్సును పైకి లేపి ఇంజనుకు ఆనించాను. రాజమల్లు దిమ్మెల పక్కన పీట మీద కూర్చున్నాడు. ఒక వేలెడు సందు మిగిలింది. కొంచెం బిగిస్తే అదే కూర్చుంటుందిలే అనుకున్నాను. మీరు సరిగ్గానే చదివారు, నేనే అనుకున్నాను, ఈ వయసులో. రెండు బోల్టులు పెట్టి పానా తిప్పాను. సగం చుట్టు. ఇంకో సగం.

"బావా, ఆగు," అన్నాడు రాజమల్లు.

"ఏమైంది?"

"కట్టె మాట్లాడ్తున్నది."

నాకేమీ వినబడలేదు. రాజమల్లు అరచేయి జాకీ కింది దిమ్మె మీద ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

"బరువుకు జేసే సప్పుడు గాదిది. దేన్నో రానిచోటికి గుంజుతున్నట్టున్నది. నువ్వేమన్న జబర్దస్తి జేస్తున్నవా?"

నా చేతిలోంచి పానా జారిపోయింది. తల పక్కకు తిప్పితే కారు కింద నుంచి మా వాకిలి కనిపించింది. దండెం మీద కనకలక్ష్మి చీర, నా లుంగీ, వాటి నడుమ ఆ గుడ్డ. తెల్లగా ఉతికి ఆరేసి ఉంది. ముడి పడ్డచోట ముడతలు ఇంకా పోలేదు.

"కనకలక్ష్మీ! గా గుడ్డ ఎవరు తీసిన్రు?"

"నేనే. మురికి గుడ్డ బోల్టుకు ఏలాడవట్టింది. కడుపుల దేవినట్టయి ఉతికిన. ఏం, తప్పయిందా?"

ఏమని చెప్పను? తప్పు ఆమెది కాదు, స్కేలు తీయని నాది. ఇంకొక్క చుట్టు తిప్పి ఉంటే కొత్త చక్రం విరిగేది, మర్నాడు ట్రాలీ వచ్చేది, రాజమల్లు మళ్లీ కుర్చీలోకి పోయేవాడు. ఖాజా భాయ్ ఉండి ఉంటే ఈసారి తెల్ల కాగితం పరిచేవాడు కాదు, నా చేయి విరిచేవాడు. కారు కింద పడుకుని నవ్వాను.

బోల్టులు వదులు చేసి గేరుబాక్సును వెనక్కి దింపాను. కన్వర్టర్ తీసి చక్రాన్ని టార్చి వేసి చూశాను. గీత కూడా పడలేదు. మళ్లీ మొదటి నుంచి, తిప్పుతూ నెట్టాను. ఒకటి. రెండు. కొంచెం తిప్పి, కొంచెం వెనక్కి తెచ్చి, మళ్లీ తిప్పాను. ఒక్కసారి బరువంతా లోపలికి జారింది. టక్.

"కూసున్నది," అన్నాడు రాజమల్లు, నాకంటే ముందు.

స్కేలు పెట్టి కొలిచాను. ఒకసారి కాదు, మూడుసార్లు. ఈసారి గేరుబాక్సు పానా అవసరం లేకుండా, చేత్తో నెడితేనే ఇంజనుకు అతుక్కుపోయింది. బిగిస్తూ రాజమల్లుకు గుడ్డ ముడి కథంతా చెప్పాను, ఖాజా భాయ్ సంగతితో సహా. అతను దండెం మీది గుడ్డను తీసుకుని చేతిలో మడతలు పెడుతూ విన్నాడు.

"కట్టినోడే విప్పాలెనా?"

"అవు. లేకుంటే కట్టినోన్ని అడగాలె."

"మంచి పద్ధతి," అన్నాడు.

సాయంత్రానికి నూనె పోసి ఇంజను స్టార్ట్ చేశాం. ఈల లేదు. రాజమల్లు గేరు వేశాడు. పాత అలవాటుతో నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి అనేలోపే కారు మెల్లగా ముందుకు ఒరిగింది. నూనె వచ్చేసింది. కన్ను మూసి తెరిచే లోపల ఆ చీకటి కాలువలన్నీ దాటి, మలుపులన్నీ తిరిగి, చక్రం దాకా వచ్చేసింది. వేల సార్లు చూశాను నా జీవితంలో. ఆ సాయంత్రం మొదటిసారి చూసినట్టే ఉంది.

ఆదివారం

పొద్దున్నే రాజమల్లు వచ్చి తాళం తీసుకున్నాడు. గుడ్డ కూడా తన దగ్గరే ఉంచుకుంటానన్నాడు. ఎటు వెళుతున్నావని నేను అడగలేదు.

పది గంటలకు ట్రాలీ వచ్చింది. దాని వెనక బైకు మీద శ్రీనివాస్. మా వాకిట్లో రెండు దిమ్మెల గూళ్లు ఉన్నాయి, వాటి నడుమ కారు లేదు.

"కాకా, బండేది?"

"తిరుగవోయింది."

"ఎవరు తీస్కపోయిన్రు?"

"ఎవరి బండి వాళ్లే."

శ్రీనివాస్ ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు. అతని మొహం చూస్తే జాలేసింది. నిజం చెప్పాలంటే అరగంట గడిచేసరికి నేను కూడా వీధి చివరిదాకా వెళ్లి చూసి వచ్చాను. ఏ మలుపులో ఏ గింజ అడ్డుపడిందో అనుకున్నాను. ట్రాలీ డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. కనకలక్ష్మి అతనికి కూడా చాయ ఇచ్చి కూర్చోబెట్టింది.

పదకొండు దాటాక కారు మలుపు తిరిగింది. మా ముందు ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు జరిగి, దిమ్మెల నడుమ తన చోట్లో నిలబడింది. వెనక గేరైనా ముందు గేరైనా వేసిన వెంటనే పట్టింది. తలుపు తెరుచుకుంది. ముందు చంక కర్ర బయటికి వచ్చింది. దాని పిడి కింద ఆ గుడ్డ, గట్టిగా ముడివేసి ఉంది.

"ఫోన్ ఎత్తవేంది మామా? పాణం పోయింది మాకు. ఏడికి పోయినవ్?"

"బండి నడుపుకుంట ఫోన్ ఎట్ల ఎత్తుత? ఏడికి పోలే బిడ్డా. ఊకెనే పోయిన."

శ్రీనివాస్ అతన్ని దింపడానికి చేయి అందిస్తూ కర్ర వైపు చూశాడు. "గిదేంది, గుడ్డ సుట్టుకున్నది?" అంటూ విప్పబోయాడు.

రాజమల్లు కర్రను పక్కకు జరిపాడు.

"ముట్టకు. నా పని ఇంక కాలేదు. ఈ ముడి నేను కట్టిన, నేనే విప్పుత."

శ్రీనివాస్ అర్థం కాక నా వైపు చూశాడు. నేను లోపలికి వెళ్లాను. పాత న్యూస్‌పేపర్ ఒకటి తెచ్చి, వంగి కారు కింద పరిచాను. అందరం కూర్చుని చాయ తాగాం. తాగడం అయ్యాక శ్రీనివాసే మోకాళ్ల మీద వంగి ఆ కాగితాన్ని బయటికి లాగాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక్క నూనె చుక్క లేదు.

లేచి ప్యాంటు దులుపుకుని, ట్రాలీ అతన్ని వెళ్లిపొమ్మన్నాడు.